మూడుసార్లు పిలిచినా పలకనివాళ్ళు

వినికిడి కేంద్రం, ముందు బల్ల
మార్చి 3

వదినా,

నిన్న సాయంత్రం నీకు రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. మెసేజి పెడితే "సరే" అని ఒక్క ముక్క కొట్టావు. దేనికి సరే? నేను అడిగింది ఎలా ఉన్నావని. నీతో మాట్లాడాలంటే ఇలా కాగితం పట్టుకోవాల్సిందే. ఉత్తరానికైతే నాలుగు పేజీల జవాబు రాస్తావు, అందులో మూడు నన్ను తిట్టడానికే అయినా.

మా ఆఫీసుకి కొత్త గుమాస్తా వచ్చింది. దానికి కుర్చీ అక్కర్లేదు, టీ అక్కర్లేదు. కంప్యూటర్లో బ్రౌజరు ఉంటుంది కదా, దానికి ఒక ఎక్స్‌టెన్షన్ తగిలించారు. పక్కన చిన్న గడి కనిపిస్తుంది. మనం మామూలుగా మాట్లాడుకునే మాటల్లో పని ఏమిటో అందులో రాస్తే చాలు, అదే పేజీలు తెరుచుకుని, అదే నింపుకుని, అదే నొక్కుకుని చేసేస్తుంది. "రేపు రావలసినవాళ్ళందరికీ గుర్తు చెయ్యి" అని రాశాను. "అలాగేనండీ" అంది. నేను టీ తాగి వచ్చేసరికి నలభై మందికి మెసేజీలు వెళ్ళిపోయాయి. దాని అసలు పేరేదో పొడుగ్గా ఉంది. నేనూ, పక్క బల్ల ఆయనా దాన్ని అలాగేనండీ అనే పిలుస్తున్నాం. పెళ్ళయి పన్నెండేళ్ళయింది, మా ఆయన నోట ఈ మాట ఒక్కసారైనా విన్నానా చెప్పు.

మా పని నీకు తెలిసిందే. చెవి మిషన్ కోసం పేరు రాయించుకున్నవాళ్ళు వెయ్యిమందికి పైనే. వంతు వచ్చినవాళ్ళకి ఫోన్ చేసి తేదీ ఇవ్వాలి. సగంమంది ఎత్తరు. కొందరు ఎత్తి "ఎవరూ? ఎవరూ?" అని ఊరంతా వినపడేలా అరుస్తారు. పక్క బల్ల ఆయన టీ దగ్గర వాళ్ళని అనుకరిస్తుంటే పొట్ట చెక్కలైపోతుంది. అలాంటివి కూడా "ఎత్తలేదు" అనే రాస్తాం. ఇక ఈ బాధంతా అలాగేనండీ చూసుకుంటుందిలే.

అన్నయ్యని అడిగానని చెప్పు.

నీ మరదలు

*

కుట్టుమిషన్ల హాలు, భోజనాల వేళ
మార్చి 11

కందిరీగకి,

రెండువందల కుట్టుమిషన్లు పొద్దుణ్ణించీ తిరిగే హాలులో పనిచేసి ఇంటికి వెళ్తే, ఆ రొద రాత్రిదాకా చెవుల్లోనే ఉంటుంది. ఆ మీద నీ ఫోన్ కూడానా? ఉత్తరమే నయం. మధ్యలో అడ్డు తగలవు.

ఈ వారం మూడో వరసలో ఒక మిషన్ కుట్లు దాటేస్తోంది. ముగ్గురు చూశారు. సూది మార్చారు, దారం మార్చారు, ఆఖరికి దాని మీద కుట్టే అమ్మాయిని కూడా మార్చారు. నేను వెళ్ళి బల్ల మీద అరచెయ్యి వేసి ఒక నిమిషం నిలబడ్డాను. కింది దారం అందించే షటిల్ ఒక వెంట్రుకవాసి ఆలస్యంగా వస్తోంది. తిప్పి బిగించాను, దారిలో పడింది. ఇదివరకు విని చెప్పేదాన్ని, ఇప్పుడు ముట్టుకుని చెప్తున్నాను. హాలంతా నన్ను మిషన్ల డాక్టరంటారు, డాక్టరన్నాక నాడి కూడా చూడాలి కదా.

ఒక మాట అడగాలి. మా హాలులో ఒకావిడకి వినికిడి తగ్గిపోతోంది. మీ జాబితాలో పేరు రాయించుకుని పదకొండు నెలలయింది. బయట కొనుక్కునే స్తోమత లేదు. ఏటా జూన్‌లో కంపెనీ డాక్టరు వచ్చి అందరి చెవులూ పరీక్ష చేస్తాడు. తప్పినవాళ్ళని మిషన్ల దగ్గర ఉంచరు, ప్యాకింగ్ గదికి పంపేస్తారు. ఆవిడకి ఈ పని తప్ప ఇంకో పని మీద మనసు లేదు. ఇంట్లో కూడా చెప్పలేదట. మొగుడు పక్కగదిలోంచి పిలిస్తే పలకదు, పొగరనుకుంటున్నాడట. జూన్ లోపల ఆవిడ వంతు వస్తుందా?

మీ అన్నయ్య బాగానే ఉన్నారు. ఈమధ్య మాటలు తగ్గించారు.

వదిన

*

వినికిడి కేంద్రం
మార్చి 19

వదినా,

ఎవరావిడ? పేరు చెప్పు, ఇప్పుడే చూసి పెడతాను. పేరు చెప్పకుండా అడిగితే నేనేమైనా జ్యోతిష్కురాలినా?

పదకొండు నెలలంటే వంతు దగ్గర పడ్డట్టే. ఏ రోజైనా ఫోన్ రావచ్చు. ఫోన్ చేతిలో పెట్టుకుని ఉండమను. మొగుడికి చెప్పకపోవడమేమిటి, విడ్డూరం కాకపోతే! మన ఇంట్లో అయితే నువ్వు తుమ్మినా అన్నయ్యకి తెలుస్తుంది.

మరదలు

*

కుట్టుమిషన్ల హాలు
మార్చి 27

కందిరీగా,

పేరు చెప్పను. నీ నోట్లో నువ్వుగింజ నానదు. ఆవిడ గుట్టుగల మనిషి. ఫోన్ వస్తుందన్నావు, అంతే చెప్తాను.

వదిన

*

వినికిడి కేంద్రం
ఏప్రిల్ 8

వదినా,

మా సూపరింటెండెంట్ నన్ను అందరిముందూ ఆకాశానికి ఎత్తేశాడు. పూర్తిగా విను.

మా జాబితా పై భాగమంతా కొన్నాళ్ళుగా పేరుకుపోయి ఉంది. వంతు వచ్చింది, ఫోన్ చేశాం, ఎత్తలేదు. అలాంటివాళ్ళు అక్కడే కూర్చుని ఉంటే కిందివాళ్ళు పైకి రారు. ఇదివరకు మా ముందు బల్ల దగ్గర పెద్దావిడ ఒకరు ఉండేవారు. ఎత్తనివాళ్ళ పేరు పక్కన పెన్సిల్‌తో చుక్క పెట్టుకుని, ప్రతి శుక్రవారం కూర్చుని ఒక్కొక్కరికీ కార్డు రాసేవారు. చాదస్తం అని నవ్వుకునేవాళ్ళం. ఆవిడ రిటైరై ఏడాది దాటింది. ఆ చుక్కలూ పోయాయి, కార్డులూ పోయాయి.

మొన్న సోమవారం గడిలో రాశాను: "మూడుసార్లు ఫోన్ చేసినా ఎత్తనివాళ్ళ పేర్లు జాబితాలోంచి తీసెయ్." అలాగేనండీ అంది. పదకొండు నిమిషాల్లో రెండువందల పధ్నాలుగు పేర్లు తీసేసింది. చేత్తో అయితే నాకు మూడు వారాలు పట్టేది. జాబితా ఒక్కసారి నూనె రాసుకున్నట్టు కదిలింది. మా ముందు బల్లకంతటికీ నన్నే పెద్దని చెయ్యాలని పైకి రాశాడట.

మీ హాలు ఆవిడకి చెప్పు, ఇంకేం అడ్డం లేదు.

నీ ఘనతవహించిన మరదలు

*

కుట్టుమిషన్ల హాలు
ఏప్రిల్ 20

కందిరీగా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

ఆవిడకి మార్చి ఆఖర్లో ఫోన్ వచ్చింది, మూడుసార్లు. ఫోన్ వెలగడం చూసింది. ఎత్తితే అవతలివాళ్ళు ఏం అడుగుతారో వినపడదు. పక్కవాళ్ళకి ఇచ్చి వినమంటే గుట్టు బయటపడుతుంది. చేతిలో పట్టుకుని, అది ఆరిపోయేదాకా చూస్తూ కూర్చుంది. నిన్న మీ పేజీ తెరిచి చూసుకుంటే "మూసివేయబడినది" అని ఉంది. ఎందుకో రాయలేదు.

నీకు తట్టలేదా? మీ దగ్గర పేరు రాయించుకున్నవాళ్ళు దేనికి రాయించుకున్నారు? వినపడకే కదా! వినపడనివాళ్ళకి ఫోన్ చేసి, ఎత్తలేదని కొట్టేస్తారా? చెవిటివాడి ముందు శంఖం ఊదడం సామెత అనుకున్నాను ఇన్నాళ్ళూ. మీ ఆఫీసులో అది ఉద్యోగం.

ఎంత ఎక్కువ వినపడకపోతే అంత తొందరగా పేరు పోయింది. ఆ పెద్దావిడ చాదస్తం ఎందుకో ఇప్పుడు తెలిసిందా?

వదిన

*

వినికిడి కేంద్రం
ఏప్రిల్ 27

వదినా,

నీ ఉత్తరం చదివాను. ఆరేళ్ళుగా ఈ బల్ల దగ్గర కూర్చుంటున్నాను. ఆ మాట నాకు తట్టలేదు, పక్క బల్ల ఆయనకి తట్టలేదు, మెచ్చుకున్న సూపరింటెండెంట్‌కీ తట్టలేదు. కార్డు రాయాలని ఏ కాగితం మీదా లేదు. అది పెద్దావిడ అలవాటు, అంతే. అలవాటు మనిషితోపాటు వెళ్ళిపోయింది. మేం చెప్పని సంగతి అలాగేనండీకి ఎలా తెలుస్తుంది?

భయపడి ఇంకో తప్పు చేశాను. ఎవరికీ చెప్పకుండా సర్దేద్దామని "తీసేసినవాళ్ళందరినీ మళ్ళీ జాబితాలో చేర్చు" అని రాశాను. అలాగేనండీ అంది. చేర్చింది. అందరినీ ఆవేళ్టి తేదీతో, కొత్తగా వచ్చినవాళ్ళలాగా, జాబితా అడుగున చేర్చింది. ఏడాదిగా వేచి ఉన్నవాళ్ళు మళ్ళీ ఒకటో రోజు నించి మొదలు. గోరుచుట్టు మీద రోకలిపోటు.

ఇక దాచలేక వెళ్ళి చెప్పేశాను. సూపరింటెండెంట్ వెంటనే జాబితా తెరిపించి చూశాడు. పాత దరఖాస్తు ఫారాలు చూసి ఒక్కొక్కరి తేదీ చేత్తో దిద్దాలి, ఎక్స్‌టెన్షన్ ముట్టుకోవద్దు అన్నాడు. పైకి రాసిన సిఫారసు వెనక్కి తీసుకున్నాడు. తీసుకోనీ.

ఆవిడ పేరు ఇప్పుడైనా చెప్పు వదినా. ముందు ఆవిడదే దిద్దుతాను.

మరదలు

*

మా ఇల్లు
మే 12

వదినా,

నువ్వు జవాబు రాయలేదు. ఇక అక్కర్లేదు.

నిన్న నూట ముప్ఫై ఏడో ఫారం తెరిచాను. ఫారాలు చేత్తో నింపినవే, ఫొటోలు తీసి కంప్యూటర్లో పెట్టారు. ఇంటిపేరు ఎక్కడో విన్నట్టుంది కానీ ఎవరిదో తట్టలేదు. వృత్తి అన్నచోట "కుట్టుమిషన్ల మెకానిక్" అని ఉంది. "క" తలకట్టు పక్కకి ఒరిగి ఉంది. "ల" వత్తు తోక గీత దాటి దిగింది. ఆ దస్తూరీ నాకు పదిహేనేళ్ళుగా తెలుసు. నా తిట్లన్నీ అందులోనే చదివాను. నీ పేరువాళ్ళు జాబితాలో బోలెడుమంది కదా, పట్టించుకోలేదు; అప్పుడు గుర్తొచ్చింది, అది మీ పుట్టింటి ఇంటిపేరు.

నా కంట పడకూడదని పుట్టింటి పేరుతో, నాకు తెలియని నంబరుతో రాయించుకున్నావు కదూ? అన్నయ్యకి తెలియకూడదని. నేను కుర్చీలో కూర్చునే ఏడ్చాను. పక్క బల్ల ఆయన నీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

విను. నీ తేదీ దిద్దాను. నీ ముందు పద్దెనిమిది మంది ఉన్నారు. ఆ లెక్కన నీ వంతు జూలై మొదటివారానికి గానీ రాదు. మీ పరీక్ష జూన్‌లోనే. ఈ నెల ఆఖరి గురువారం ఒకరు రాలేనన్నారు, పది గంటల సమయం ఖాళీగా ఉంది. అందులో నిన్ను పెట్టమని గడిలో వాక్యం రాసి ఉంచాను. ముట్టుకోవద్దన్నారు, తెలుసు. నొక్కలేదు. నువ్వు ఊఁ అంటే నొక్కుతాను. ఎవరికీ తెలియదు. నీ పని నిలబడుతుంది.

ఊఁ అను వదినా.

నీ మరదలు

*

కుట్టుమిషన్ల హాలు, మెట్ల మీద
మే 20

కందిరీగా,

ఆ వాక్యం చెరిపెయ్.

ఆ పద్దెనిమిది మందికీ మీ ఆఫీసులో మరదళ్ళు లేరు. వాళ్ళలో ఎవరికి ఏ జూన్ ఉందో నాకేం తెలుసు, నీకేం తెలుసు?

నేను అబద్ధమాడాను. ఒప్పుకుంటున్నాను. మూడేళ్ళుగా తగ్గుతోంది. ముందు పిట్టల చప్పుడు పోయింది, తరవాత కుక్కర్ కూత, ఇప్పుడు మాటలు. మిషన్ చప్పుడు విని జబ్బు చెప్పే డాక్టరుకి చెవులు పోయాయంటే నవ్వుతారని భయం. ఇంట్లో జాలిపడతారని ఇంకా పెద్ద భయం.

అయినా నీమీద నాకు కోపంగా ఉంది. పేర్లు కొట్టేసినందుకు కాదు. అది తెలియక చేశావు. నా అక్షరాలు కనపడితే ఏడ్చావు చూడు, అందుకు. అంతకుముందు నూట ముప్ఫై ఆరు ఫారాలు చూశావు కదా. వాళ్ళ రాతలూ వంకరగానే ఉండి ఉంటాయి. ఆ నూట ముప్ఫై ఏడోది నాది కాకపోతే ఏడ్చేదానివా?

పరీక్షదాకా ఆగను. రేపే మా మేస్త్రీకి నేనే చెప్తాను. మీ అన్నయ్య దగ్గర మాత్రం నువ్వు నోరు విప్పావంటే ఈ జన్మలో నీ మొహం చూడను.

వదిన

*

వినికిడి కేంద్రం
జూన్ 2

వదినా,

వాక్యం చెరిపేశాను. గురువారం పది గంటలకి నీ ముందు పద్దెనిమిది మందిలో మొదటావిడ వచ్చింది.

నీ ప్రశ్నకి జవాబు రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. ఏడ్చేదాన్ని కాదు. ఆ నూట ముప్ఫై ఆరూ టీ తాగుతూ దిద్దాను.

ఇప్పుడు అందరికీ కార్డులు రాస్తున్నాను. మొదటి కార్డు పట్టుకుని పోయిన వారం ఒక ముసలాయన వచ్చారు. రిటైరైన బస్సు డ్రైవరు. చెవులు దాదాపు లేనట్టే. నేను కాగితం మీద రాస్తే ఆయన జవాబు చెప్పేవారు. మా ఫోన్ కోసం మూడు వారాలు సెల్‌ఫోను చొక్కా జేబులో గుండెమీదే పెట్టుకుని తిరిగారట, వణికితే తెలుస్తుందని. పడుకున్నా తియ్యలేదట. వణికింది. ఎత్తారు. "ఎవరూ? ఆసుపత్రివాళ్ళా? నేనేనండీ, వస్తానండీ, ఎప్పుడు రమ్మంటారూ?" అని అరుస్తూనే ఉన్నారట, అటువైపు పెట్టేశారో లేదో తెలియక, చాలాసేపు. తరవాత రోజూ ముస్తాబై కూర్చున్నారట, వస్తానని చెప్పాను కదా, మళ్ళీ కబురు చేస్తారులే అని.

ఆయన పేరు పక్కన చూశాను. "ఎత్తలేదు" అని ఉంది. రాసింది నేనే. పక్క బల్ల ఆయన టీ దగ్గర అనుకరించే గొంతు ఈయనదే. నేను పడీపడీ నవ్విన గొంతు.

అప్పుడు ఏడ్చాను వదినా. ఆయన ముందే. ఆయన నాకేమీ కారు. ఏమైందమ్మా అని ఆయన అడిగారు. తప్పు మాది, క్షమించండి అని రాశాను. చదివి, "నన్ను మరిచిపోలేదు కదా, అంతే చాలు" అన్నారు. పక్క బల్ల ఆయన ఆ రోజు నించి ఎవరినీ అనుకరించడం లేదు.

ఇప్పుడు గోడమీద రాసి పెట్టాం. ఫోన్ ఎత్తకపోతే మెసేజి, దానికీ పలక్కపోతే కార్డు, కార్డుకి జవాబు రాకపోతే ఇంటికి మనిషి. పేరు మాత్రం తీయకూడదు. అలాగేనండీని మళ్ళీ వాడుకోమన్నారు. దాన్ని తిట్టి లాభం లేదు, చెప్పిందే చేసింది. కార్డుల మీద చిరునామాలు అదే అచ్చు వేస్తోంది. లోపలి నాలుగు మాటలు మాత్రం నేనే రాస్తున్నాను.

అన్నయ్య ఫోన్ చేశాడు. నేనేమీ చెప్పలేదు.

మరదలు

*

ప్యాకింగ్ గది
జూన్ 18

కందిరీగా,

ఎక్కడినించి రాస్తున్నానో పైన చూశావుగా. మేస్త్రీ మంచివాడే. ముందే చెప్పావు కాబట్టి మాట పోలేదు, చెవి మిషన్ పెట్టుకుని వచ్చి మళ్ళీ పరీక్ష చేయించుకో, అన్నాడు. అప్పటిదాకా నా పనిముట్ల పెట్టె అతని బీరువాలో ఉంది. చొక్కాలు మడిచి డబ్బాల్లో పెడుతున్నాను. నిన్న మూడో వరస అమ్మాయి గుట్టుగా వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది, మిషన్ మొరాయించిందని. వెళ్ళాను. అరచెయ్యి వేసి చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ఇన్నాళ్ళూ భయపడింది దీనికా అనిపించింది.

బాధ లేదని అబద్ధం చెప్పను. మధ్యాహ్నం గంట కొట్టాక హాలు వైపు నడిచి, గుమ్మం దాకా వెళ్ళి, గుర్తొచ్చి వెనక్కి వస్తున్నాను.

నీ డ్రైవరుగారి సంగతి చదివాక నీమీద కోపం పోయింది. పూర్తిగా కాదు, చాలామటుకు.

మీ అన్నయ్యకి ఇంకా చెప్పలేదు. ఆయన ఇదివరకు పక్కగదిలోంచి పిలిచేవారు. పలికేదాన్ని కాదు. ఇప్పుడు పిలవడం మానేశారు. ఎప్పుడు మానేశారో కూడా నాకు తెలియదు, అదే నన్ను తినేస్తోంది.

వదిన

*

వినికిడి కేంద్రం
జూన్ 25

అమ్మా,

మీ వంతు వచ్చింది. జూలై 5, ఉదయం పది గంటలకు కేంద్రానికి రండి. మీకు ఫోన్ చేయము. వచ్చాక మీ పేరు పిలవము, మీ దగ్గరికే వచ్చి చేత్తో సైగ చేస్తాము. మొదటి రోజు ఇంటివారు ఒకరు వెంట ఉంటే మంచిది, మిషన్ పెట్టడం తీయడం వారికి కూడా నేర్పుతాము. కింది ముక్క నింపి పంపండి. మీకు జరిగిన ఆలస్యానికి కారణం మా పొరపాటు. క్షమించండి.

ముందు బల్ల గుమాస్తా

(ఇదే మాటలు అందరికీ రాస్తున్నాను వదినా. నీకు ఒక్క అక్షరం ఎక్కువ రాయలేదు, ఈ రెండు ముక్కలు తప్ప.)

*

జవాబు ముక్క
జూన్ 30

వస్తాను / ~~రాలేను~~

వెంట వచ్చేవారు: మా ఆయన. రాత్రి కూర్చోబెట్టి, కాగితం మీద రాసి ఇచ్చాను. చదివి, ఆయన కూడా కాగితం మీదే జవాబు రాశారు. ఏం రాశారో నీకు చెప్పను.